చెరిగిన అక్షరానికి స్పేర్ పార్ట్ లేదట

నా లాప్‌టాప్ కీబోర్డు మీద అన్నిటికన్నా ముందు చెరిగిపోయిన అక్షరం ‘ఏ’. తర్వాత ‘ఎన్’ వంతు వచ్చింది. దాని ఏటవాలు గీత, కుడిపక్క నిలువు గీత రెండూ పోయి ఒంటి గీత మిగిలింది, చూసినవాళ్లు ‘ఐ’ అనుకుంటారు. ‘ఎల్’ కింది గీత పోయి అదీ ‘ఐ’ అయి కూర్చుంది. అసలు ‘ఐ’ ఏమో సగం అరిగి, అక్కడేదో మరక పడినట్టు కనిపిస్తుంది. ‘క్యూ’, ‘ఎక్స్’, ‘జెడ్’ మాత్రం డబ్బాలోంచి తీసిన రోజు ఎలా ఉన్నాయో ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

మిగతా మెషీన్‌కి ఏ రోగమూ లేదు. స్క్రీన్ బాగుంది, బ్యాటరీ బాగుంది, కీలన్నీ నొక్కితే పలుకుతున్నాయి. కనబడనిదల్లా ఏ కీ ఏదో.

‘ఏ’ ముందు పోవడంలో వింతేమీ లేదు. ఇంగ్లీషులో ఎక్కువగా వాడే అక్షరం ‘ఈ’. మామూలు ఇంగ్లీషు రాతలో వంద అక్షరాలకి దాదాపు పన్నెండు అదే ఉంటుంది. కానీ నాలా తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి తెలుగు లిపిలోకి మార్చుకునేవాళ్ల లెక్క వేరు. ‘రాయడం’ అని పడాలంటే ఆర్, ఏ, ఏ, వై, ఏ, డి, ఏ, ఎమ్ కొట్టాలి. ఎనిమిది నొక్కుళ్లలో నాలుగు ‘ఏ’లే. మన హల్లుల్లో దాక్కుని ఉండే ‘అ’కారాన్ని ప్రతిసారీ విడిగా కొట్టాల్సి రావడం వల్ల ఆ భారమంతా ఎడమచేతి చిటికెనవేలి మీదా, దాని కిందున్న ఒక్క కీ మీదా పడుతుంది. తెలుగులో రోజంతా టైపు చేసేవాళ్ల కీబోర్డులు చూస్తే చాలావాటికి అక్కడే బోడి అయి ఉంటుంది.

ఇందులో ఒక సంగతి నాకు మింగుడుపడదు. ఏ కీలు ఎక్కువ నలుగుతాయో తయారుచేసేవాళ్లకి తెలియనిది కాదు. మెకానికల్ కీబోర్డు స్విచ్ అయితే 5 కోట్ల నొక్కుళ్లకి గ్యారంటీ, 10 కోట్ల నొక్కుళ్లకి గ్యారంటీ అని డబ్బా మీదే గర్వంగా రాస్తారు. ఆ స్విచ్ మీద కూర్చునే అక్షరం ఎన్ని నొక్కుళ్లకి నిలుస్తుందో మాత్రం ఏ డబ్బా మీదా నాకు కనబడలేదు. కొలవలేక కాదు. బరువు పెట్టి కాగితం టేపుని ఇంకు మీద రుద్దుతూ, ఎన్ని చుట్లకి ముద్ర చెరిగిందో లెక్కపెట్టే యంత్రాలున్నాయి. మెంబ్రేన్ స్విచ్‌ల (పలచటి పొరని నొక్కితే పనిచేసే స్విచ్‌ల) మీది ఇంకులకి ఈ పరీక్ష ఎలా చేయాలో చెబుతూ ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ ఎఫ్2357 అనే ప్రమాణాన్నే తయారుచేసింది. పరీక్ష ఉంది, ఫలితం కొనేవాడి దాకా రాదు.

అసలు కీ మీదికి అక్షరం ఎలా ఎక్కుతుందో తెలిస్తే ఈ కోపం ఎందుకో అర్థమవుతుంది. చవకైన పద్ధతి ప్యాడ్ ప్రింటింగ్. మెత్తటి సిలికాన్ దిమ్మెతో ఇంకుని అక్షరం ఆకారంలో ఎత్తి ప్లాస్టిక్ మీద అద్దుతారు. పైన ఒక పారదర్శకమైన పూత వేస్తే వేస్తారు, లేకపోతే లేదు. వేసినా మన వేలికీ ఇంకుకీ మధ్య ఉన్నది ఆ పలచటి పొర ఒక్కటే. రోజూ దాని మీద చెమట, చర్మం మీది జిడ్డు, చేతికి రాసుకున్న క్రీము, సన్‌స్క్రీన్, శానిటైజర్ అన్నీ పడతాయి. వాటికి తోడు గోటి అంచు. నా కీబోర్డు ఈ రకమే. ‘ఏ’ కీని లైటుకి ఎదురుగా ఏటవాలుగా పట్టి చూస్తే, వేలు ఆనే చోట ప్లాస్టిక్ నున్నగా అద్దంలా మెరుస్తుంది, చుట్టూ మాత్రం ఇంకా గరుకుగానే ఉంది. అంటే ఇంకే కాదు, ఆ కింద ప్లాస్టిక్ కూడా అరిగింది.

వెనక లైటు వెలిగే కీబోర్డులది ఇంకో కథ. వాటిలో చాలావాటికి కాంతి దూరే ప్లాస్టిక్‌తో కీ చేసి, దానికి నల్ల పెయింట్ వేసి, అక్షరం మేరకు ఆ పెయింట్‌ని లేజర్‌తో కాల్చి తీసేస్తారు. అక్కడ అక్షరం అంటే పెయింట్ లేని చోటు, అంతే. అందుకని అది చెరిగి మాయమవదు, ఉల్టాగా పెరుగుతుంది. అంచుల్లో పెయింట్ లేచిపోతూ పోతూ ముందు ‘ఏ’ పొట్టలో ఉండాల్సిన చిన్న నల్లటి త్రికోణం పోతుంది. తర్వాత కాళ్లు కలిసిపోతాయి. చివరికి చీకట్లో ఆ కీ మొత్తం ఒక తెల్లటి ముద్దలా వెలుగుతుంది. నిజానికి ఇది ఇంకు చెరగడం కన్నా చిరాకు, ఎందుకంటే కంటికి కొడుతుంది.

చెరగని పద్ధతులు లేవా అంటే ఉన్నాయి. డై సబ్లిమేషన్‌లో రంగుని వేడితో ప్లాస్టిక్ లోపలికే ఇంకిస్తారు. డబుల్ షాట్‌లో అక్షరం ఒక ప్లాస్టిక్, కీ ఇంకో ప్లాస్టిక్, రెండిటినీ కలిపి పోతపోస్తారు. పైన ఎంత అరిగినా కింద కూడా అక్షరమే ఉంటుంది. 1985లో వచ్చిన ఐబీఎం మోడల్ ఎమ్ కీబోర్డులో కీలు పీబీటీ అనే గట్టి ప్లాస్టిక్‌వి, అక్షరాలు డై సబ్లిమేషన్‌వి. వాటిని పట్టుకుని ఇవాళ్టికీ టైపు చేసేవాళ్లున్నారు, అక్షరాలు శుభ్రంగా కనబడుతున్నాయి. అంతకన్నా నాకు అసూయ పుట్టించే సంగతి ఏమిటంటే, వాటిలో చాలావాటికి కీ పైతొడుగు చేత్తో ఊడదీసి ఇంకోటి తగిలించుకోవచ్చు.

కంపెనీల వైపు నుంచి కూడా కొంత న్యాయం ఉంది, కాదనను. డై సబ్లిమేషన్‌లో రంగు ప్లాస్టిక్‌లోకి ఇంకుతుంది కాబట్టి లేత రంగు కీ మీద ముదురు అక్షరమే వస్తుంది. నల్ల కీ మీద తెల్ల అక్షరం కావాలంటే మామూలుగా కుదరదు. పైగా ఆ పనికి కావాల్సిన వేడికి ఏబీఎస్ అనే మామూలు రకం ప్లాస్టిక్ తట్టుకోదు, అది దాదాపు 105 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. పీబీటీ అయితే 220 డిగ్రీలు దాటేదాకా కరగదు గానీ, చల్లారేటప్పుడు ముడుచుకుని వంకర తిరిగే గుణం దానికుంది. లాప్‌టాప్ కీ పలచటి బిళ్ల, దాని మీద ఈ సర్కస్ అంతా చేయడం పెద్ద కీబోర్డు మీద చేసినంత తేలిక కాదు. సరే, ఒప్పుకున్నా. అక్షరం చెరిగేలా చేయక తప్పలేదనుకుందాం. చెరుగుతుందని తెలిసి చేసినప్పుడు, చెరిగాక మార్చుకునే దారి కూడా వాళ్లే చూపించాలి కదా? నా గొడవంతా ఇక్కడే ఉంది.

కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. ఎత్తిన కుర్రాడు మర్యాదస్తుడే.

“మేడం, కీస్ అన్నీ పనిచేస్తున్నాయా అండీ?”

“పనిచేస్తున్నాయి బాబూ. అక్షరాలే కనబడట్లేదు.”

“అయితే ఇది ఫంక్షనల్ ఇష్యూ కాదు మేడం, కాస్మెటిక్ కిందకి వస్తుంది. నార్మల్ వేర్ అండ్ టేర్. వారంటీ కవర్ చేయదండీ.”

“వారంటీ అడగట్లేదు. డబ్బులిస్తాను, ఓ పది కీలు అమ్మండి చాలు.”

కాసేపు హోల్డ్ మ్యూజిక్.

“కీస్ విడిగా రావు మేడం. ఈ మోడల్‌లో కీబోర్డ్ కూడా విడిగా రాదు. టాప్ కవర్ అసెంబ్లీ మొత్తం మార్చాలి.”

ఆ అబ్బాయిని అనడానికేమీ లేదు, అతని ముందున్న స్క్రీన్‌లో ఉన్నదే చదివాడు. ఆ స్క్రీన్‌లో అలా రాసినవాళ్లతోనే నా తగాదా.

టాప్ కవర్ అసెంబ్లీ అంటే ఏమిటో తెలియని వాళ్ల కోసం చెప్తాను. లాప్‌టాప్ తెరిస్తే కీబోర్డు చుట్టూ, మణికట్లు ఆనించే చోటుతో సహా కనిపించే పై చట్రం మొత్తం అది. పాత లాప్‌టాప్‌లు చాలావాటిలో నాలుగు స్క్రూలు తీస్తే కీబోర్డు పైకి లేచివచ్చేది, ఒక రిబ్బన్ కేబుల్ ఊడదీస్తే పని అయిపోయేది. ఇప్పుడు సన్నగా చేయడం కోసం కీబోర్డుని ఆ చట్రానికి లోపలివైపు నుంచి ప్లాస్టిక్ మొలకల్ని కరిగించి అతికించేస్తున్నారు. కొన్నిటికి టచ్‌ప్యాడ్ కూడా దాంతోనే వస్తుంది, కొన్నిటికి బ్యాటరీ కూడా. ఒక్క ‘ఏ’ కోసం ఇదంతా పోయి కొత్తది రావాలి. చొక్కాలు కుట్టే కంపెనీ కూడా గుండీ ఊడుతుందని ముందే ఊహించి, లోపలి పట్టీకి ఒక గుండీ ఎక్కువ కుట్టి ఇస్తుంది. ఇంత ఖరీదైన యంత్రం అమ్మేవాళ్లకి ఆ పాటి ముందుచూపు లేకపోయిందా?

కాస్మెటిక్ అన్న వాదన ముందు చూద్దాం. మూత మీద గీత పడితే అది అందానికి సంబంధించిన గొడవ, ఒప్పుకుంటాను. కీ మీద అక్షరం అలాంటిది కాదు. మా నాన్నగారు నా లాప్‌టాప్‌లో మెయిల్ చూసుకుంటారు. ఆయన టైపింగ్ అంతా కుడిచేతి చూపుడువేలుతోనే. వేలు గాల్లో పెట్టుకుని కీబోర్డంతా ఒకసారి వెతికి, దొరికాక టక్కున కొడతారు. ఇప్పుడు ఆ వేలు గాల్లోనే ఉండిపోతోంది. “ఎన్ ఎక్కడుందమ్మా?” అంటారు. ఒంటిగీతలు రెండు, ఒక మరక కనిపిస్తుంటే ఆయన మాత్రం ఏం చేస్తారు? పాస్‌వర్డ్ దగ్గర అయితే మరీ టెన్షన్. స్క్రీన్ మీద చుక్కలే పడతాయి, ఏం కొట్టామో కనబడదు, నాలుగుసార్లు తప్పు కొడితే అకౌంట్ లాక్. చూపు తక్కువైనవాళ్లకీ, ఒంటిచేత్తో కొట్టేవాళ్లకీ, కీబోర్డు కొత్తగా నేర్చుకునేవాళ్లకీ ఆ అక్షరమే ఆధారం. వీళ్లలో ఎవరికైనా ఇది పనికి అడ్డం కాదని చెప్పగలరా?

పోనీ అందమే అనుకుందాం, అప్పుడు మాత్రం లెక్కలోకి రాదని ఎవరన్నారు? బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం, సరుకు నాణ్యతలో ఏమేం చూడాలో చెబుతూ పైకి కనిపించే తీరునీ, మన్నికనీ కూడా పేరుపేరునా చేర్చింది. ఆ చట్టం అన్నిచోట్లా చెల్లదు, నిజమే. కానీ ‘కాస్మెటిక్’ అన్న ఒక్క మాటతో ఫోన్ పెట్టేయడం లోకరీతి కాదని మాత్రం దాన్ని బట్టి తెలుస్తుంది.

ఈ సంగతి ఎవరితో అన్నా వెంటనే వచ్చే సలహా ఒకటుంది. చూడకుండా టైపు చేయడం నేర్చుకో, అక్షరాలతో పనేముంది అని. నేను చూడకుండానే కొడతాను, ‘ఎఫ్’, ‘జె’ మీద ఉండే బొడిపెలు తడిమి. కానీ చూడకుండా కొట్టేది అక్షరాల వరకే. స్క్వేర్ బ్రాకెట్ ఎక్కడుందో, ఆంపర్‌శాండ్ ఏ అంకె మీద ఉందో చూసి తీరాల్సిందే. పైగా లాప్‌టాప్ నా ఒక్కదానిదే కాదు. కావాలని ఖాళీ కీలు కొనుక్కునేవాళ్లున్నారు, వాళ్ల సరదా వాళ్లది. నేను అక్షరాలున్న కీబోర్డు కొన్నాను.

ఇక వేర్ అండ్ టేర్. దీనికి నేను అడ్డం చెప్పను. వాడితే అరుగుతుంది. అరిగే వస్తువుకే కదా స్పేర్ పార్ట్ కావాల్సింది! అరగని దానికి ఎవరు అడుగుతారు? ఉచితంగా మార్చనవసరం లేదనడానికి అది సరైన జవాబే. డబ్బిచ్చినా అమ్మం అనడానికి అది జవాబే కాదు. ఈ రెండు ప్రశ్నల్నీ కలిపేసి ఒకే జవాబు చెప్పడం కస్టమర్ కేర్ స్క్రిప్టులన్నిటికీ అలవాటైపోయింది.

ఇన్ని మోడళ్లు, ఇన్ని భాషల లేఅవుట్లు, ఒక్కోదానికి ఎనభై చిల్లర కీలు, వీటన్నిటినీ విడివిడిగా గోడౌన్లో ఎలా పెట్టుకుంటాం అని కంపెనీ అడగొచ్చు. ఎనభై అక్కర్లేదు. పోయేవి పదో పన్నెండో. అవి ఏవో వాళ్లకి తెలుసు. ఏ భాష లేఅవుట్‌కి ఆ భాషలో ఎక్కువగా నలిగే కీల స్ట్రిప్ ఒకటి కట్టి అమ్మొచ్చు, లేదా కొత్త లాప్‌టాప్ డబ్బాలోనే పడేయొచ్చు. ఎలాగూ టాప్ కవర్లని ప్రతి లేఅవుట్‌లోనూ నిల్వ పెడుతున్నారు కదా. సర్వీస్ సెంటర్‌కి తిరిగొచ్చిన ప్రతి పాత టాప్ కవర్‌లోనూ ‘క్యూ’, ‘జెడ్’, ఫంక్షన్ కీలతో సహా ఎవరి చేయీ సరిగా పడని కీలు డజన్ల కొద్దీ ఉంటాయి. అవన్నీ చెత్తలోకే.

పెద్ద ఉదాహరణ కళ్ల ముందే ఉంది. ఆపిల్ 2015 నుంచి వాడిన బటర్‌ఫ్లై (కీ కింద సీతాకోకచిలుక రెక్కల్లా కదిలే అమరిక ఉన్న) కీబోర్డులలో కీలు ఇరుక్కుపోతున్నాయనీ, ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతున్నాయనీ ఫిర్యాదులు పోగయ్యాక, 2018 జూన్‌లో ఆ కంపెనీ ఉచిత సర్వీస్ ప్రోగ్రామ్ ప్రకటించింది. కొన్న నాటి నుంచి నాలుగేళ్ల దాకా వర్తించింది. అమెరికాలో దాని మీద నడిచిన దావాని 2022లో 5 కోట్ల డాలర్లకి రాజీ చేసుకున్నారు. అక్షరాలు చెరగడం మీద కాదు ఆ గొడవ. కానీ రిపేరు ఎలా జరిగిందో చూడండి. చాలామందికి ఒకటి రెండు కీల కోసం పై చట్రం, దాన్ని అంటుకున్న బ్యాటరీతో సహా మొత్తం మార్చాల్సి వచ్చింది. డిజైన్ చేసేటప్పుడు అతికించేసిన పాపం రిపేరు చేసేటప్పుడు కంపెనీ నెత్తికే చుట్టుకుంది. మామూలు రోజుల్లో అది మన నెత్తిన పడుతుంది, తేడా అంతే.

రిపేరు హక్కు చట్టాలు వచ్చాయి కదా అని నేనూ సంబరపడ్డాను. కాలిఫోర్నియాలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, 100 డాలర్లు, ఆ పైన ధర ఉన్న ఎలక్ట్రానిక్ వస్తువులకి, ఆ మోడల్ తయారీ ఆగిపోయాక కూడా ఏడేళ్ల పాటు విడిభాగాలూ మాన్యువళ్లూ అందుబాటులో ఉంచాలి. మంచి చట్టమే. కానీ భాగం ఎంత చిన్నదిగా ఉండాలో అందులో లేదు. తన సర్వీస్ సెంటర్‌కే కంపెనీ టాప్ కవర్‌ని ఒకే ముక్కగా పంపుతుంటే, మనకీ ఆ ముక్కే వస్తుంది. ఏది భాగం, ఏది భాగంలో భాగం అన్న నిర్ణయం ఇప్పటికీ తయారీదారు చేతిలోనే ఉంది. ఆ ఒక్క నిర్ణయంతో ఎంత మంచి చట్టాన్నైనా నీరుగార్చేయొచ్చు. రిపేరు హక్కు గురించి పోట్లాడేవాళ్లు ఇక మీదట గట్టిగా పట్టుకోవాల్సిన విషయం ఇదేనని నా అభిప్రాయం. బాగా అరిగే భాగాన్ని, దాన్ని పట్టి ఉంచే భాగం నుంచి విడదీసి అమ్మాలి అని చట్టంలోనే రాయించాలి.

ఈలోగా ఏం చేయాలి? స్టిక్కర్లు దొరుకుతాయి. అతికించిన వారం బాగుంటాయి, తర్వాత మూలలు లేస్తాయి, జిగురుకి దుమ్ము పట్టి వేలికి తగులుతుంటుంది. బ్యాక్‌లైట్ ఉంటే పారదర్శకంగా ఉండేవే తీసుకోవాలి. వేరేవాళ్లు అమ్మే విడి కీలు కూడా ఆన్‌లైన్‌లో ఉన్నాయి గానీ, అక్కడో చిక్కుంది. లాప్‌టాప్ కీ కింద కత్తెరలా విచ్చుకునే సన్నటి ప్లాస్టిక్ ముక్కల జత ఒకటి ఉంటుంది, కీ అడుగున ఉండే చిన్న కొక్కేలు దానికి పట్టుకుంటాయి. ఒకే మోడల్ లాప్‌టాప్‌కి కూడా కంపెనీ ఒకరి కన్నా ఎక్కువమంది దగ్గర కీబోర్డులు చేయించుకోవడం మామూలే. చికోనీ అనే కంపెనీ చేసినదాని కొక్కేలు లైట్‌ఆన్ అనే కంపెనీ చేసినదానికి పట్టకపోవచ్చు. అందుకే తెలిసిన అమ్మకందారులు మోడల్ నంబరుతో సరిపెట్టుకోకుండా, కీ తీసి కింద ఉన్న కత్తెర ఫోటో పంపమంటారు. ఆ తీయడంలోనే కొక్కెం విరిగే ప్రమాదం ఉంది. ఇప్పటిదాకా అక్షరమే లేని కీ, అప్పుడు నిలబడను కూడా నిలబడదు.

వారంటీ ఇంకా ఉండగానే చెరిగితే మాత్రం ‘అక్షరాలు అరిగాయి’ అనకండి. పూత లేచిపోయింది అని చెప్పండి, లేచిందన్నది నిజమైతేనే సుమా. ఎక్కువ వాడని కీతో పక్కపక్కన ఫోటో తీసి పంపండి. అరుగుదలకీ పూత లోపానికీ తేడా ఉంది. ఆ తేడా చూపిస్తే ఫోన్ ఎత్తినవాళ్లు పై వాళ్లకి పంపొచ్చు. వారంటీ దాటిపోతే ‘రిపేరు చేయండి’ అని అడగడం దండగ, పార్ట్ నంబరు అడగండి. లేదంటే ‘లేదు’ అన్న మాట మెయిల్లో రాయించుకోండి.

కొత్తది కొనేటప్పుడు నేనిప్పుడు ప్రాసెసర్ కన్నా ముందు సర్వీస్ మాన్యువల్ చూస్తున్నాను. డెల్, హెచ్‌పీ, లెనోవో లాంటి కంపెనీలు వాటిని ఎవరైనా దించుకునేలా నెట్‌లో పెడతాయి. విడిభాగాల జాబితా తెరిచి, కీబోర్డు ఒంటరిగా ఒక లైన్లో ఉందా, లేక ‘టాప్ కవర్ విత్ కీబోర్డ్’ అని జంటగా ఉందా చూస్తే చాలు, సగం సంగతి తెలిసిపోతుంది. ఫ్రేమ్‌వర్క్ అనే కంపెనీ 2021 నుంచి అమ్ముతున్న లాప్‌టాప్‌లకి కీబోర్డుని విడిగా అమ్ముతోంది, అక్షరాల్లేని ఖాళీ కీబోర్డుతో సహా. కాబట్టి సన్నటి లాప్‌టాప్‌లో ఇది కుదరదనే మాట ఇక చెల్లదు. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి లాప్‌టాప్‌ల మీద రిపేరబిలిటీ మార్కులు పదికి ఎన్నో చూపిస్తున్నారు, స్పేర్ పార్ట్ ధరకి కూడా అందులో మార్కులున్నాయి. అదే మోడల్ మీరుండే చోట కూడా అమ్ముతుంటే ఆ మార్కులు మీకూ పనికొస్తాయి, చూసుకోండి. మాన్యువల్లో జంటగా ఉన్న మోడల్‌ని ఎంత డిస్కౌంట్ ఇచ్చినా నేను తీసుకోను.